నర్సరీ సైటు కొత్తగా మార్చాం: కొనేవాళ్ళ నుంచి పనికొచ్చే అభిప్రాయం రాబట్టేదెలా?

పచ్చతోరణం

చిన్న నర్సరీ సైటు గురించి అడుగుతున్నాను. మొక్కలు 240 రకాల దాకా ఉన్నాయి. వాటితోపాటు కుండీలు, మట్టి మిశ్రమాలు, ఎరువులు. పాత సైటులో అన్నీ ఒకే జాబితాగా అక్షర క్రమంలో ఉండేవి. కొత్తది తెరిచి మూడు వారాలైంది. మార్చినవి ముఖ్యంగా నాలుగు. మెనూని వెలుతురు ప్రకారం 'ఎండ', 'కొద్దిపాటి ఎండ', 'నీడ', 'ఇంటి లోపల' అని విడగొట్టాం. ప్రతి మొక్క పేజీలో ఎండ, నీళ్ళు, ఎత్తు చెప్పే చిన్న బొమ్మలు పెట్టాం. సెర్చ్ బాక్సుని పైకి తెచ్చాం. మూడు పేజీల ఆర్డరు ఫారాన్ని ఒక్క పేజీకి కుదించాం.

ఇదంతా కొనేవాళ్ళకి సులువైందో లేదో తెలియాలి. హోమ్ పేజీలో 'మా కొత్త సైటు ఎలా ఉంది?' అని ఐదు నక్షత్రాల పాపప్ పెడితే అరవై దాకా జవాబులొచ్చాయి. చాలావరకు నాలుగో ఐదో నక్షత్రాలు. రాతలో 'బాగుంది', 'రంగులు సూపర్' తప్ప పట్టుకుని సరిచేయడానికి ఏమీ లేదు. ఇంకోపక్క పాత కస్టమర్లు కొందరు 'పాతదే నయం' అంటున్నారు. ఆర్డర్లు కిందటి నెలకంటే కాస్త తగ్గాయి కూడా.

ఎవరిని, ఎంతమందిని అడగాలి? ఏ మాటలతో అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది? 'పాతదే నయం' అనే మాటకి ఎంత విలువివ్వాలి? సైటు లెక్కల్లో వేటిని చూడాలి? రోజుకి వచ్చేవాళ్ళు సుమారు 90 మంది, ఎక్కువమంది ఫోన్ల నుంచే.

అంటుకట్టు

ముందు ఆ పాపప్ తీసేయండి. సైటులో ఏ పనీ మొదలుపెట్టకముందే అది అడ్డం వస్తుంది కాబట్టి జనం కంటికి కనిపించిన రంగుకే మార్కులేస్తారు. మొక్క దొరక్క విసిగి వెళ్ళిపోయినవాళ్ళు ఆ లెక్కలోకి రానే రారు. వచ్చిన నక్షత్రాలు కూడా తప్పు ఏ పేజీలో ఉందో చెప్పవు.

'ఎలా ఉంది' అని అడగడం మానేసి, ఒక పని ఇచ్చి పక్కన కూర్చుని చూడండి. మీకు కావలసిన జవాబుల్లో ముప్పాతిక వంతు అక్కడే దొరుకుతాయి.

ఎంతమంది అంటే: ఐదుగురితో చూస్తే సుమారు 85 శాతం ఇబ్బందులు బయటపడతాయని, సైట్ల వాడకం మీద పరిశోధించే జాకబ్ నీల్సన్ లెక్క చాలామంది చెబుతుంటారు. ఆ లెక్క ఒక్కో మనిషికి సగటున 31 శాతం ఇబ్బందులు ఎదురవుతాయన్న ఊహ మీద నిలబడింది. అదీ ఒకే తరహా మనుషులైతేనే. నర్సరీకి వచ్చేవాళ్ళు రెండు తరహాలు. ఒకరు మొక్క పేరు తెలిసి వస్తారు: నందివర్ధనం కావాలి, తీగ మల్లె కావాలి అంటారు. ఇంకొకరికి మొక్క తెలియదు, చోటు మాత్రమే తెలుసు: మెట్ల పక్క మూల, వంటగది కిటికీ. ఈ ఇద్దరూ సైటులో నడిచే దారులే వేరు. అందుకని ఒక్కో తరహా నుంచి నలుగురైదుగురు ఉండాలి. అందరినీ ఒకేసారి కూర్చోబెట్టకండి. మొదట ఇద్దరూ ఇద్దరూ నలుగురు, వాళ్ళు తట్టుకున్న చోట్లు సరిచేసి ఇంకో నలుగురు. మొదటి విడతలో బయటపడ్డ పెద్ద అడ్డంకిని అలాగే వదిలేస్తే మిగతావాళ్ళు కూడా అక్కడే ఆగిపోతారు. దాని వెనకున్న చిన్న తప్పులు ఎప్పటికీ కనిపించవు.

ఎవరంటే, ఈమధ్య కొన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు, ఫోన్ చేసి అడిగి కొనకుండా వదిలేసినవాళ్ళు ఒకరిద్దరు, అసలు మీ సైటు చూడనివాళ్ళు మిగతా. ఇంట్లోవాళ్ళు, పనివాళ్ళు, సైటు చేసినవాళ్ళ స్నేహితులు వద్దు.

పని ఇచ్చేటప్పుడు మీ మెనూలో ఉన్న మాట ఒక్కటి కూడా మీ నోట రాకూడదు. 'నీడ మొక్కల విభాగంలోంచి ఒకటి ఎంచుకోండి' అంటే అది పరీక్ష కాదు, 'నీడ' అన్న అక్షరాలు కనిపించేదాకా వెతికే ఆట. మీ సైటుకి ఈ ఐదు సరిపోతాయి:

1. మీ గదికి ఒకటే కిటికీ. పొద్దున రెండు గంటలు మాత్రమే ఎండ పడుతుంది. అక్కడ బతికే మొక్క ఒకటి ఎంచండి.
2. ఇంట్లో పిల్లి ఉంది, ఆకులు కొరుకుతుంది. దానికి హాని లేని మొక్క ఒకటి చూడండి.
3. (ఒక మందారం పేజీ తెరిచి ఇచ్చి) ఇది మీ ఇంటికి వచ్చేసరికి ఎంత ఎత్తుంటుందో చేత్తో చూపించండి.
4. ఒక గులాబీ, దానికి సరిపోయే కుండీ, ఆ కుండీ నిండేంత మట్టి కార్టులో వేసి డబ్బు కట్టే మెట్టు దాకా వెళ్ళండి.
5. మొక్క వచ్చింది, కొమ్మ విరిగి ఉంది. ఇప్పుడేం చేస్తారు?

మూడోది తప్పక చేయించండి. 'ఎత్తు: 1.5 అడుగులు' అని రాసినా, ఫొటోలో నిండా పూసిన పెద్ద చెట్టుంటే చెయ్యి నడుము దాకా లేస్తుంది. 1.5 అడుగులన్నది కుండీతో కలిపా, మట్టి పైనుంచా అన్నది కూడా అక్కడే తేలుతుంది. నాలుగోదాంట్లో సాధారణంగా తట్టుకునేది కొలతల దగ్గర. మొక్క 6 అంగుళాల సంచిలో ఉందని రాస్తాం, కుండీని అంగుళాల్లో అమ్ముతాం, మట్టిని కిలోల్లో అమ్ముతాం. 8 అంగుళాల కుండీకి ఎన్ని కిలోలు పడతాయో కొనేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? కొబ్బరి పొట్టు ఎక్కువున్న మిశ్రమానికీ ఎర్రమట్టి ఎక్కువున్నదానికీ ఒకే కిలోకి వచ్చే ఘనపరిమాణం వేరు. అక్కడ మనిషి ఆగి లెక్కలేసుకుంటూ కనిపిస్తే, సంచి మీద లీటర్లు కూడా రాయాలన్నమాట.

జరిపే తీరు: ఒక్కొక్కరికి 30 నుంచి 40 నిమిషాలు. వాళ్ళ ఫోనే, వాళ్ళ మొబైల్ డేటానే. మీ వైఫై మీద సైటు ఎప్పుడూ వేగంగానే ఉంటుంది. అనుమతి అడిగి స్క్రీన్ రికార్డింగ్ పెట్టండి, నోటిఫికేషన్లు ఆపమనండి. మొదలుపెట్టేముందు ఈ రెండు మాటలు చెప్పండి: 'పరీక్ష మీకు కాదండీ, సైటుకి. మనసులో ఏమనుకుంటున్నారో అది పైకి అంటూ చేయండి.' ఆ తర్వాత నోరు కట్టేసుకోవాలి. 'ఇది నొక్కాలా?' అని అడిగితే 'నేను పక్కన లేకపోతే ఏం చేసేవారు?' అని తిరిగి అడగండి. నాలుగు నిమిషాలు దాటినా తెగకపోతే ఆపి తర్వాతి పనికి వెళ్ళండి. దారి మాత్రం చూపించకండి, ఒకసారి చూపిస్తే మిగతా పనులన్నీ ఆ దారినే పోతాయి.

రాసుకునే కాగితంలో ఐదు గడులు చాలు: ఏ పని, మొదట ఎక్కడ నొక్కారు, అయిందా లేక కష్టపడితే అయిందా లేక అవలేదా, ఎంతసేపు, నోటి నుంచి వచ్చిన మాట ఉన్నదున్నట్టు. మొదటి నొక్కు గడి మీద ప్రత్యేకంగా కన్నేయండి. పని చెడిపోయిన చోట ఎక్కువసార్లు మొదటి నొక్కే తప్పు చోట పడి ఉంటుంది.

నీడపట్టు

అంటుకట్టు గారు చెప్పినదానికి ఒక చేర్పు. మీ వెలుతురు మెనూ మీద నాకు అనుమానం ఉంది. కొత్తగా మొక్కలు పెంచేవాళ్ళకి తమ బాల్కనీ 'ఎండ' కిందికి వస్తుందో 'కొద్దిపాటి ఎండ' కిందికి వస్తుందో తెలియదు. తోటపనిలో వాడుక ప్రకారం నేరుగా ఎండ 6 గంటలు, ఆపైన పడితే పూర్తి ఎండ, 3 నుంచి 6 అయితే పాక్షికం, 3 లోపు నీడ. ఈ గంటలు మీ మెనూలో రాశారా? రాయకపోతే పరీక్షకి వచ్చినవాళ్ళని ముందు 'మీరు మొక్క పెట్టాలనుకునే చోటు ఈ నాలుగింట్లో ఏది?' అని అడిగి, ఆ తర్వాత 'అక్కడ ఎన్ని గంటలు ఎండ పడుతుంది?' అని అడగండి. రెండు జవాబులూ పొసగకపోతే ఆ తప్పు మీ మాటలదే. వెలుతురు ఎక్కువుండి నేరుగా ఎండ పడని కిటికీని చాలామంది 'ఎండ' కింద లెక్కేస్తారు. అలా కొన్న మొక్క నెలలో ఈడిగిలపడుతుంది, నింద మొక్క మీదికి వస్తుంది.

పేరు తెలిసి వచ్చేవాళ్ళకైతే ఆ మెనూ అడ్డమే. వాళ్ళు పూల మొక్కలు, పండ్ల మొక్కలు, తీగలు అని వెతుకుతారు. ఇది తేల్చడానికి 20 మొక్కల ఫొటోలు, పేర్లు చీటీల మీద రాసి, 'మీకు తోచినట్టు కుప్పలు పెట్టి ఒక్కో కుప్పకి పేరు పెట్టండి' అని చేయించండి. దీన్ని కార్డ్ సార్టింగ్ అంటారు. దీనికి ఐదుగురు చాలరు, 15 మంది దాకా ఉంటే కుప్పలు నిలకడగా వస్తాయి. కానీ ఒక్కొక్కరికి పది నిమిషాలకి మించదు, మొక్కలు కొనడానికి వచ్చినవాళ్ళ చేతనే చేయించవచ్చు.

ఇక ఎవరినీ అడగకుండానే రోజూ మీకు అందుతున్న అభిప్రాయం ఒకటుంది: సెర్చ్ బాక్సులో జనం కొట్టే మాటలు. సైటుకి వచ్చేవాళ్ళ లెక్కలు చూపే గూగుల్ ఎనలిటిక్స్ 4లో ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్ అనే సెట్టింగు తెరిచి ఉంటే సైట్ సెర్చ్ దానంతటదే నమోదవుతుంది. అయితే వెతికిన పేజీ చిరునామాలో క్యూ, ఎస్, సెర్చ్, క్వెరీ, కీవర్డ్ (q, s, search, query, keyword) అనే ఐదింటిలో ఏదో ఒక పారామీటర్, అంటే చిరునామాలో '?' తర్వాత వచ్చే పేరు, ఉండాలి. మీ సైటు వేరే పేరు వాడుతుంటే సెట్టింగుల్లో అది చేర్చాలి, లేకపోతే నమోదు సున్నా. ఎన్ని ఫలితాలు వచ్చాయన్నది మాత్రం అది చెప్పదు, దానికి సైటు చేసినవాళ్ళ చేత ఒక ప్రత్యేక పారామీటర్ పెట్టించుకోవాలి. అది ఉంటేనే 'సున్నా ఫలితాలు' వచ్చిన మాటలు విడిగా దొరుకుతాయి.

ఆ సున్నా జాబితాని మూడుగా విడదీయండి. మీ దగ్గర అసలు లేని మొక్కలు ఒక కుప్ప, అది కొనుగోలు జాబితాకి పనికొస్తుంది. ఉండి, వేరే పేరుతో ఉన్నవి రెండో కుప్ప. అక్షరాలు తేడాగా కొట్టినవి మూడోది. రెండో కుప్పే నర్సరీలకి పెద్దది. స్నేక్ ప్లాంట్ శాస్త్రీయ నామం సాన్సివేరియా నుంచి డ్రసీనాకి మారింది, చాలామంది పాత పేరే కొడతారు. రోజ్‌మేరీ ఇప్పుడు సాల్వియా జాతిలో ఉంది. మనీ ప్లాంట్ అంటే ఒకరికి ఎపిప్రెమ్నమ్ తీగ, ఇంకొకరికి పైలియా, మరొకరికి జేడ్. జాజి, విరజాజి, సన్నజాజి కొట్టేవాళ్ళలో అందరూ ఒకే మొక్కని తలుచుకోరు. తెలుగు లిపిలో కొట్టేవాళ్ళు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేరు కొట్టేవాళ్ళు, శాస్త్రీయ నామం కొట్టేవాళ్ళు ముగ్గురికీ ఒకే పేజీ తెరుచుకోవాలి. ప్రతి మొక్కకీ పైకి కనిపించని 'ఇతర పేర్లు' గడి పెట్టి నింపుకుంటూ పోవడమే దీనికి మందు. నెలకోసారి గంట కూర్చుంటే చాలు.

సున్నా ఫలితాల పేజీని కూడా ఖాళీగా వదలకండి. 'ఈ మొక్కని మీరు ఇంకే పేరుతో పిలుస్తారు? ఫొటో ఉంటే పెట్టండి' అని ఒక చిన్న గడి. అక్కడిదాకా వచ్చి ఆగినవాళ్ళకి అవసరం గట్టిగా ఉంటుంది కాబట్టి రాస్తారు.

తొలకరి

పాపప్ తీసేయడం వరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ రాతపూర్వకంగా అడగడమే దండగ అనుకోకండి. తప్పు అడిగిన చోటుది, సమయానిది.

మూడు చోట్లు చాలు. ఒకటి, ఆర్డరు పూర్తయిన పేజీలో: 'కొనేముందు ఏ వివరం కోసం వెతికి దొరక్క ఇబ్బంది పడ్డారు?' ఇది రాసే గడి, నక్షత్రాలు కావు. 'ఏమైనా ఇబ్బంది పడ్డారా?' అని మాత్రం అడగొద్దు, 'లేదు' అని కొట్టేసి వెళ్తారు. రెండు, ప్రతి మొక్క పేజీ అడుగున: 'ఈ మొక్క గురించి ఇంకా ఏం తెలియాలి?' పేరు, ఫోన్ నంబరు అడగకుండా ఒక్క గీత. జవాబు కావాలంటే నంబరు ఇవ్వమనండి, అదీ వాళ్ళ ఇష్టం. మూడు, మొక్క చేరాక.

ఈ మూడోది మిగతా వ్యాపారాల్లో లేని సంగతి, అందుకే కాస్త నొక్కి చెబుతాను. చొక్కా కొన్నవాళ్ళు ఇంటికి రాగానే సైటు నిజం చెప్పిందో లేదో తేల్చేస్తారు. మొక్క అలా కాదు. రెండుసార్లు అడగాలి. చేరిన రెండో మూడో రోజున: 'సైటులో చూసి మీరు అనుకున్నదానికీ వచ్చిన మొక్కకీ ఏం తేడా ఉంది?' దాని కింద టిక్కు పెట్టే గడులు: ఎత్తు, ఆకుల గుబురు, పూలు మొగ్గలు, కుండీ లేదా సంచి సైజు, తేడా లేదు. మళ్ళీ 30 రోజులకి: 'మొక్క ఇప్పుడెలా ఉంది? ఎక్కడ పెట్టారు, ఎన్ని రోజులకోసారి నీళ్ళు పోస్తున్నారు?' ఒక ఫొటో. ఈ రెండో జవాబుతో మీ ఎండ, నీళ్ళ బొమ్మలు అర్థమయ్యాయో లేదో తేలుతుంది. ఒక నీటి చుక్క బొమ్మకి 'వారానికోసారి' అని మీరనుకుంటే, కొన్నవాళ్ళు 'రోజుకోసారి కొంచెం' అనుకుని ఉండొచ్చు. పదిమంది జవాబుల్లో నలుగురు రోజూ పోస్తున్నామంటే ఆ బొమ్మ పక్కన 'పైమట్టి ఒక అంగుళం ఆరాక' అని అక్షరాల్లో రాయాల్సిందే.

మాటల విషయంలో రెండు జాగ్రత్తలు. ఒక ప్రశ్నలో రెండు విషయాలు కలపకండి: 'ఫొటోలు, వివరాలు బాగున్నాయా?' అంటే ఏది బాగోలేదో తెలియదు. రెండోది, జవాబుని మీరే నోట్లో పెట్టకండి: 'కొత్త సులువైన ఆర్డరు పేజీ నచ్చిందా?' అంటే ఎవరూ కాదనరు. ప్రశ్నలు మూడు దాటితే మధ్యలో వదిలేస్తారు.

జవాబిచ్చినవాళ్ళకి చిన్న మొక్కో విత్తనాల పొట్లమో ఇస్తే మంచిదే. మెచ్చుకున్నా తిట్టినా ఒకటే ఇవ్వాలి, బయటి సైట్లలో రేటింగు ఇస్తేనే అని ముడిపెట్టకూడదు.

'పాతదే నయం' గురించి: అలవాటైన చోటు మారితే మొదటి కొన్ని వారాలు ఎవరికైనా చికాకే. కాబట్టి నచ్చలేదన్న మాటని అలాగే ఉంచి, దాని వెనక పని ఏదో పట్టుకోండి. 'చివరిసారి సైటుకి వచ్చినప్పుడు ఏం చేద్దామనుకున్నారు? ఎక్కడ ఆగింది?' జవాబులో పని ఉంటే ('ఎరువులు ఎక్కడున్నాయో దొరకలేదు') అది వెంటనే చేయాల్సిన మరమ్మతు. పని లేకపోతే ('ముందుది బాగా అలవాటు') ఇంకో నెల ఆగి అదే మనిషిని మళ్ళీ అడగండి. మీ విషయంలో నాకో సందేహం కూడా ఉంది: మెనూ అంతా వెలుతురు ప్రకారం అయితే ఎరువులు, కుండీలు ఎక్కడికి పోయాయి?

దుంపవేరు

లెక్కల సంగతి.

కిందటి నెలతో పోల్చడం ముందు ఆపండి. మొక్కల అమ్మకం రుతువుని బట్టి నడుస్తుంది. సైటు ఏమీ మారకపోయినా నెల మారితే ఆర్డర్లు మారతాయి. కిందటేడు ఇవే వారాలతో పోల్చండి, అదీ ఆర్డర్ల సంఖ్యని కాదు, వచ్చిన ప్రతి వందమందిలో ఎందరు కొన్నారన్నది.

పాత పేజీ సగం మందికి, కొత్తది సగం మందికి చూపించే ఏ/బీ పరీక్ష చేయమని ఎవరైనా చెబితే వద్దనండి. వందకి ఇద్దరు కొనే సైటులో అది రెండున్నరకి పెరిగిందని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో వైపు దాదాపు 14 వేల మంది కావాలి. రోజుకి 90 మందితో రెండు వైపులా నిండడానికి పది నెలలు పడుతుంది, ఈలోపు రుతువులన్నీ తిరిగిపోతాయి. మీ స్థాయిలో మనుషుల్ని చూడటమే సరైన దారి. ఆ మనుషులు ఆగిన చోటు ఒకరిద్దరి సంగతా, అందరిదా అని సరిచూసుకోవడానికే ఈ లెక్కలు.

చూడాల్సింది నాలుగు మెట్లు: మొక్క పేజీ చూశారు, కార్టులో వేశారు, ఆర్డరు మొదలుపెట్టారు, డబ్బు కట్టారు. ఫోన్లకి విడిగా, కంప్యూటర్లకి విడిగా చూడండి. ఫోన్లో మూడో మెట్టు నుంచి నాలుగో మెట్టుకి మాత్రమే ఎక్కువమంది జారిపోతుంటే తప్పు మీ ఒక్క పేజీ ఫారంలో ఉంది. మూడు పేజీల గడులన్నీ ఒకేచోట కుక్కితే పొడవు చూసి వెనక్కి తిరుగుతారు. డెలివరీ చార్జీ అడుగున మొదటిసారి కనిపించినా అంతే. 'మా ప్రాంతానికి పంపుతారా' అన్నది కూడా ఆర్డరు చివర్లో కాదు, మొక్క పేజీలోనే తేలాలి.

మైక్రోసాఫ్ట్ క్లారిటీ ఉచితం. జనం ఎక్కడ నొక్కారో, ఎంతదాకా కిందికి దిగారో రికార్డింగులతో సహా చూపిస్తుంది. అందులో 'డెడ్ క్లిక్స్', 'రేజ్ క్లిక్స్' అని రెండు వడపోతలుంటాయి. నొక్కినా ఏమీ జరగని చోట్లు మొదటివి, విసుగుతో టకటకా నొక్కినవి రెండోవి. మీ ఎండ, నీళ్ళ బొమ్మల మీద డెడ్ క్లిక్స్ పోగుపడితే అవి అర్థం కాక వివరణ కోసం నొక్కుతున్నారన్నమాట. ఫొటో మీద పడితే పెద్దదిగా చూడాలనుకుంటున్నారు. రికార్డింగు నడుస్తోందని గోప్యతా పేజీలో రాయండి. మీ దేశపు చట్టం అనుమతి అడగమంటే అడిగాకే మొదలయ్యేలా పెట్టండి. చిరునామా, ఫోన్ నంబరు గడులు రికార్డింగులో మూసి ఉన్నాయో లేదో మీరే ఒక ఆర్డరు వేసి చూసుకోండి.

'పాతదే నయం' అనేవాళ్ళలో కొందరి బాధ డిజైను కాకపోవచ్చు. దాచుకున్న పాత లింకు తెరవకపోవడం కావచ్చు. సైటు మార్చినప్పుడు పేజీల చిరునామాలు మారాయా? మారితే ప్రతి పాత మొక్క పేజీ నుంచి అదే మొక్క కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ (పాత చిరునామాకి వచ్చినవాళ్ళని కొత్తదానికి శాశ్వతంగా పంపే ఏర్పాటు) ఉండాలి. అన్నింటినీ హోమ్ పేజీకి తోసేయడం తప్పు, గూగుల్ దాన్ని దొరకని పేజీ కిందే లెక్కేస్తుంది. గూగుల్ వెతుకులాటలో మీ సైటు ఎలా ఉందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్లో పేజెస్ రిపోర్టు తెరిచి 404ల (దొరకని పేజీల) జాబితా చూడండి. రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచాలి. పాత పేజీలు ఎలా ఉండేవో గుర్తులేకపోతే పాత వెబ్ పేజీల నకళ్ళు దాచే వేబ్యాక్ మెషీన్‌లో దొరకొచ్చు. ఆర్డర్లు తగ్గడానికి సగం కారణం ఇదే అయినా ఆశ్చర్యం లేదు.

ఇంకొకటి వేగం. గూగుల్ పెట్టిన గీత ప్రకారం పేజీలో అన్నింటికంటే పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు కదలాలి, పేజీలో వస్తువులు అటూ ఇటూ జరిగే కొలత 0.1 దాటకూడదు. నర్సరీ సైట్లు తప్పేది మొదటిదాంట్లో, కారణం ఫొటోలు. కెమెరా నుంచి వచ్చిన 4, 5 ఎంబీల బొమ్మ నేరుగా ఎక్కిస్తారు. వెడల్పు 1200 పిక్సెళ్ళకి దించి, తక్కువ సైజులో ఒదిగే వెబ్‌పీగా మారిస్తే చాలావరకు 150, 200 కేబీల్లో సరిపోతుంది. పేజీ పైనున్న మొదటి ఫొటోకి మాత్రం లేజీ లోడింగ్ (పేజీలో అక్కడిదాకా దిగాకే బొమ్మ తెచ్చుకునే ఏర్పాటు) పెట్టకండి, అది ఇంకా ఆలస్యం చేస్తుంది.

చివరిగా రంగు. మొక్కల సైటు అనగానే తెల్లటి నేపథ్యం మీద లేత ఆకుపచ్చ అక్షరాలు పెడతారు. మామూలు సైజు అక్షరాలకి, నేపథ్యానికి మధ్య కాంట్రాస్టు (వెలుగు తేడా) కనీసం 4.5కి 1 ఉండాలి, ఆ లేత ఆకుపచ్చ దాని దరిదాపుల్లోకి రాదు. మొక్కలు కొనేవాళ్ళు బాల్కనీలోనో పెరట్లోనో ఎండలో నిలబడి ఫోన్ చూస్తారు. పరీక్షల్లో ఒకటైనా బయట ఎండలో జరపండి.

పచ్చతోరణం

అందరికీ ధన్యవాదాలండీ. తొలకరి గారూ, ఎరువులు, కుండీలు 'ఇతరాలు' కింద ఉన్నాయి, మెనూ చిట్టచివర. చిరునామాలు కూడా మారాయి. రీడైరెక్టులు కొన్నింటికే ఉన్నాయి.

చేసేదాన్ని నేనొక్కదాన్నే. వారానికి నాలుగైదు గంటలకి మించి కుదరదు. దేనితో మొదలుపెట్టాలి? వచ్చిన ఇబ్బందుల్లో ముందు ఏది సరిచేయాలో ఎలా తేల్చుకోవాలి? పరీక్షకి ఇద్దామని ఈ మూడు రాశాను, సరిచూడండి: 'కొత్త మెనూ వాడి బాల్కనీకి మొక్క ఎంచుకోండి', 'మీకు నచ్చిన మొక్క కొనండి', 'ఎరువుల పేజీకి వెళ్ళండి'.

అంటుకట్టు

మూడూ మార్చాలమ్మా. మొదటిదాంట్లో 'కొత్త మెనూ' అనేసరికి సెర్చ్ వాడేవాళ్ళు కూడా మెనూకే వెళ్తారు, బాల్కనీలో ఎండెంతో కూడా చెప్పలేదు. 'పడమటి బాల్కనీ, మధ్యాహ్నం మూడింటి నుంచి ఎండ మాడుస్తుంది, పూలు పూసేది ఒకటి కావాలి' అనండి. రెండోదానికి గురి లేదు, ఏం కొన్నా అయినట్టే కాబట్టి ఎక్కడా తప్పు తేలదు. మూడోదాంట్లో పేజీ పేరు మీరే చెప్పేశారు. 'గులాబీ ఆకులు పసుపురంగుకి తిరుగుతున్నాయి, ఈ సైటులో దానికి ఏమైనా దొరుకుతుందేమో చూడండి' అంటే 'ఇతరాలు' అన్న మాట కింద ఎరువులుంటాయని ఎవరికైనా తడుతుందో లేదో బయటపడుతుంది.

మొదటి వారం ఎవరినీ పిలవకండి. రీడైరెక్టులు పూర్తిచేసి, 'ఇతరాలు' అన్నదాన్ని 'కుండీలు', 'మట్టి, ఎరువులు' అని రెండుగా విడగొట్టి పైకి తీసుకురండి. తప్పని తెలిసినదాన్ని అలాగే ఉంచి పరీక్షపెడితే వచ్చినవాళ్ళ సమయం వృథా. అదే వారం క్లారిటీ, సెర్చ్ నమోదు పెట్టించండి, అవి వాటంతటవే పోగవుతుంటాయి. రెండో వారం నలుగురితో పరీక్ష, రోజుకి ఇద్దరికి మించకుండా. ప్రతి పరీక్ష అయిన పది నిమిషాల్లోపు కాగితం నింపేయాలి, రికార్డింగు మళ్ళీ చూసి రాద్దామని వాయిదా వేస్తే గంటలు మింగేస్తుంది. మూడో వారం మరమ్మతులు, నాలుగో వారం ఇంకో నలుగురు. నీడపట్టు గారి చీటీల పని కౌంటరు దగ్గర మధ్యమధ్యలో సాగుతుంది.

కౌంటరు దగ్గరే ఫోను పక్కన ఇంకో కాగితం పెట్టండి. ఫోన్లో వచ్చే ప్రతి ప్రశ్నకీ ఒక గీత: ఎత్తెంత, కుండీతో వస్తుందా, మా వైపు పంపుతారా, ఎన్నాళ్ళకి వస్తుంది, నీళ్ళెప్పుడు పోయాలి, ఇంకేదైనా. సైటులో ఉన్నా అడిగితే గీత పక్కన చుక్క పెట్టండి. గీతలు మాత్రమే ఉన్న ప్రశ్నకి సైటులో వివరం లేదు, రాయాలి. చుక్కలు ఎక్కువున్నదానికి వివరం ఉంది కానీ కనిపించడం లేదు, చోటు మార్చాలి. రెంటికీ మందు వేరు.

ఏది ముందు అన్నదానికి నేను వాడే వరుస ఇది. డబ్బు కట్టనివ్వకుండా ఆపేది ఒక్కరికి జరిగినా ఆరోజే సరిచేయాలి. దాని తర్వాత, మొక్క చావడానికో పిల్లికో పసిపిల్లలకో హాని జరగడానికో దారితీసేది: వెలుతురు తప్పు అర్థం కావడం, నీళ్ళ బొమ్మ, గన్నేరు లాంటివాటికి విషపు హెచ్చరిక కనిపించకపోవడం. ఇవి పరీక్షలో పెద్ద తడబాటుగా కనిపించవు. మనిషి హాయిగా తప్పు మొక్క ఎంచుకుని 'అయిపోయింది' అంటారు. అందుకే 'అయింది' అని టిక్కు పెట్టేముందు ఎంచుకున్న మొక్క ఆ చోటికి సరైనదేనా అని మీరు చూడాలి. మూడోది, నలుగురిలో ఇద్దరికైనా ఎదురైన తడబాటు. ఒక్కరికే ఎదురైన చిన్నదాన్ని రాసి పక్కనపెట్టండి, రెండో విడతలో మళ్ళీ వస్తే అప్పుడు చూద్దురు. రంగులు, అక్షరాల అందం మీద వచ్చిన మాటలు వరుసలో ఆఖరున, దుంపవేరు గారు చెప్పిన కాంట్రాస్టు తప్ప.

నీడపట్టు

విషపు హెచ్చరిక గురించి ఒక్క మాట. అది మొక్క వివరాల మధ్యలో వాక్యంగా ఉంటే ఫోన్లో ఎవరూ అంతదాకా దిగరు. కార్టు బటను పైన, ఫొటో కిందే ఉండాలి. 'పెంపుడు జంతువులకి సురక్షితం' అనే ఫిల్టరు పెడితే వివరం నింపని మొక్కలు అందులోకి రాకుండా చూసుకోండి. గడి ఖాళీగా ఉంటే 'సురక్షితం' అని లెక్కేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మీరే ఆ ఫిల్టరు నొక్కి, వచ్చిన జాబితాని ఒక్కొక్కటిగా సరిచూశాకే అంటుకట్టు గారి జాబితాలోని రెండో పనిని (పిల్లిది) పరీక్షలో ఇవ్వండి.